గైడ్‌తో కలిసి పేపర్ రాసేముందు పేరు, డేటా, పేటెంట్ ఎవరివో తేల్చుకోవడం ఎలా

ఈ గొడవలన్నీ దాదాపు ఒకే టైమ్‌లో బయటపడతాయి. పని అయిపోతుంది, డ్రాఫ్ట్ తయారవుతుంది, జర్నల్ సైట్‌లో ఆథర్ల పేర్లు నింపే పేజీ దగ్గరికి వచ్చేసరికి గైడ్‌గారి నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తుంది, "ఫలానా సార్ పేరు కూడా పెట్టండి, సెకండ్‌లో" అని. ఆ ఫలానా సార్ ఎవరో స్కాలర్‌కి తెలుసు, ఆయన ఈ పని మొహం కూడా చూడలేదని తెలుసు, అయినా "ఓకే సార్" అనే రిప్లై వెళ్తుంది, పక్కన ఒక దండం ఎమోజీతో.

పీహెచ్‌డీ, ఎంటెక్, ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేస్తున్నవాళ్ల కోసం, వాళ్లని గైడ్ చేస్తున్న లెక్చరర్ల కోసం కూడా ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ మాట ఎత్తాల్సింది గైడే. ఎత్తితే ఆయనకు పోయేదేమీ లేదు, స్కాలర్ ఎత్తితే మాత్రం సినాప్సిస్ మీద సంతకం దగ్గర్నుంచి ఫెలోషిప్ కాగితాల దాకా, ఉద్యోగానికి కావాల్సిన సిఫార్సు లెటర్ దాకా అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయన్న సంగతి గుర్తొస్తుంది. కానీ గైడ్ ఎత్తేదాకా ఆగుదామంటే మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి కాబట్టి స్కాలర్ ఎలా ఎత్తాలో కూడా చెప్తాను.

గైడ్‌కి ఏం కావాలో ముందు తెలుసుకోండి

చాలామంది గైడ్‌లు చెడ్డవాళ్లు కాదు, ప్రమోషన్ ఫైల్ పట్టుకుని తిరుగుతున్నవాళ్లు. యూజీసీ 2018 రెగ్యులేషన్ల లెక్కలో పేపర్‌కి ఇద్దరే ఆథర్లు ఉంటే ఒక్కొక్కరికి 70 శాతం పాయింట్లు, ఇద్దరికంటే ఎక్కువ ఉంటే ఫస్ట్ ఆథర్ లేదా ప్రిన్సిపల్ లేదా కరస్పాండింగ్ ఆథర్‌కి 70, మిగతా ఒక్కొక్కరికి 30. మీ పీహెచ్‌డీ అవార్డ్ అయితే గైడ్‌కి 10 పాయింట్లు, థీసిస్ సబ్మిట్ అయితే 5. అంటే మీ పని ఆయనకి కూడా మార్కులే. ఈ లెక్క తెలిస్తే బేరం సులువవుతుంది: మీరు ఫస్ట్ ఆథర్, ఆయన కరస్పాండింగ్ ఆథర్, ఇద్దరి ఫైళ్లూ నిండుతాయి. న్యాయమైన పంపకం చాలాసార్లు ఇదే.

అయితే కరస్పాండింగ్ అంటే ఉత్త గౌరవం అనుకోవద్దు. జర్నల్‌తో మాట్లాడేది, కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టేది, పేర్ల వరుస మార్చమని అడగగలిగేది చాలావరకు ఆ ఒక్కరే. అందుకే సబ్మిషన్‌లో మీ సొంత జీమెయిల్ ఇవ్వండి, యూనివర్సిటీ మెయిల్ మీరు బయటికొచ్చాక ఆగిపోవచ్చు. జర్నల్‌కి వెళ్లిన ఫైనల్ పీడీఎఫ్ కాపీ అదే రోజు అడిగి దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట, "పేపర్ లేకపోతే థీసిస్ తీసుకోరు" అని భయపెట్టి మీతో నాలుగు పేర్లు పెట్టిస్తున్నారా? 2022 నవంబర్‌లో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ రెగ్యులేషన్లు థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధన తీసేశాయి. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకున్న రూల్ ఉండొచ్చు, అది ఆర్డినెన్స్‌లో ఎక్కడుందో కళ్లారా చూడండి, సీనియర్ చెప్పాడని నమ్మొద్దు.

పేరు వేరు, హక్కు వేరు, డబ్బు వేరు

అందరూ "ఓనర్‌షిప్" అని ఒకే మాటలో కట్టేస్తారు గానీ దాని లోపల కనీసం నాలుగున్నాయి: పేపర్ మీద పేరు, రాసినదాని మీద కాపీరైట్, డేటా, పేటెంట్. ఒకటి దక్కితే మిగతావి దక్కినట్టు కాదు. దీనికి స్ట్రెప్టోమైసిన్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

1943లో అమెరికాలోని రట్గర్స్‌లో ఆల్బర్ట్ షాట్జ్ అనే 23 ఏళ్ల పీహెచ్‌డీ కుర్రాడు ఆ మందుని కనిపెట్టాడు, టీబీ మీద పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అది. ఆయన గైడ్ సెల్మన్ వాక్స్‌మన్. 1944లో వచ్చిన పేపర్‌లో షాట్జ్ పేరే ముందు. పేటెంట్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇద్దరూ హక్కుల్ని యూనివర్సిటీ ఫౌండేషన్‌కి రాసిచ్చేశారు, ఇందులో ఎవరికీ సొంత లాభం లేదనే షాట్జ్ అనుకున్నాడు. తర్వాత గైడ్‌గారికి రాయల్టీ వెళ్తోందని తెలిసి 1950లో కోర్టుకెక్కాడు. ఆ ఏడాది చివర్లో రాజీ కుదిరి షాట్జ్‌కి 3 శాతం, వాక్స్‌మన్‌కి 10 శాతం అని తేలింది, ఇద్దరూ కలిసి కనిపెట్టారని ఒప్పుకున్నారు కూడా. 1952లో నోబెల్ మాత్రం వాక్స్‌మన్ ఒక్కరికే వచ్చింది. అదే పేపర్‌లో రెండో పేరు ఎలిజబెత్ బ్యూగీ అనే విద్యార్థినిది, పేటెంట్‌లో ఆమె పేరే లేదు. పేపర్‌లో ఫస్ట్ ఆథర్, పేటెంట్‌లో పేరు, రెండూ ఉండి కూడా షాట్జ్‌కి అంత కష్టమైంది, అవి రెండూ లేనివాళ్ల సంగతి ఆలోచించండి.

ఇక మన చట్టం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం రాసినవాళ్లే మొదటి హక్కుదారులు, ఉద్యోగంలో భాగంగా రాస్తే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. ఫెలోషిప్ మీద చదువుకుంటున్న స్కాలర్ మామూలుగా ఉద్యోగి కాదు, కానీ ప్రాజెక్టు ఫెలోగా అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసుకున్నవాళ్ల లెక్క వేరు కావచ్చు, ఆ ఆర్డర్ షరతులు, మీ యూనివర్సిటీ ఐపీ (మేధో సంపత్తి) పాలసీ ఒకసారి చదవండి (ఎవరూ చదవరు, అందుకే చెప్తున్నా). సెక్షన్ 19 ప్రకారం సంతకం పెట్టిన కాగితం లేకుండా కాపీరైట్ చేతులు మారదు, నోటి మాట చెల్లదు. సెక్షన్ 57 ఇంకా ముఖ్యం: కాపీరైట్ అమ్మేసినా సరే, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది. మీరు రాసిన కోడ్ కూడా చట్టం దృష్టిలో రచనే.

కాకపోతే కాపీరైట్ కాపాడేది రాసిన రూపాన్ని, ఐడియాని కాదు. మీరు సెమినార్‌లో చెప్పిన ఐడియాని ఇంకో స్కాలర్‌కి ఇచ్చి చేయించారు అనుకోండి, అది అన్యాయమే, కానీ కాపీరైట్ కేసు కాదు.

డేటా దగ్గర అందరూ తప్పటడుగు వేస్తారు. ఏదైనా ఏజెన్సీ డబ్బుతో నడిచే ప్రాజెక్టులో పుట్టిన డేటా సాధారణంగా సంస్థ దగ్గరే ఉండాలి, ల్యాబ్ నోట్‌బుక్ కూడా. మీరు అడగాల్సింది దాన్ని థీసిస్‌కి, పేపర్లకి వాడుకునే అనుమతి, ఒక కాపీ ఉంచుకునే అనుమతి, అదీ రాతలో. పేషెంట్ల వివరాల్లాంటివి పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లకండి, మీ వైపు ఎంత న్యాయం ఉన్నా ఆ ఒక్క పనితో మీరే ముద్దాయి అవుతారు. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సివచ్చే అమ్మాయిలకి ఒక సంగతి: పరిశోధన డేటాని కొత్త యూనివర్సిటీకి తీసుకెళ్లే హక్కు యూజీసీ రెగ్యులేషన్లలోనే ఉంది, ఆ పని సంస్థకో గైడ్‌కో శాంక్షన్ అయిన ప్రాజెక్టులోది కాకపోతే. పాత గైడ్‌కి, పాత సంస్థకి ఇవ్వాల్సిన క్రెడిట్ ఇవ్వాలి, అంతే.

ఎవరి పేరు ఉండాలి

మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ (ఐసీఎంజేఈ) పెట్టిన కొలత చాలా రంగాల్లో పనికొస్తుంది. నాలుగు పనులూ చేస్తేనే ఆథర్: ఆలోచనలోనో డేటాలోనో విశ్లేషణలోనో గట్టి పాత్ర ఉండాలి, రాయడమో లోతుగా దిద్దడమో చేసుండాలి, చివరి రూపానికి ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబుదారీగా నిలబడాలి. ఫండ్ తెచ్చినందుకో, డిపార్ట్‌మెంట్ హెడ్ అయినందుకో, పైపైన పర్యవేక్షించినందుకో పేరు రాదు, వాళ్లకి కృతజ్ఞతలు చెప్పే పేరా ఉంది. ఇదే కొలత మీకూ వర్తిస్తుంది. అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టుకి రిపోర్ట్ కవర్ మార్చి, అందులో గైడ్ తన పేరు దూర్చాడని బాధపడే బ్యాచ్‌లకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

వరుస రంగాన్ని బట్టి మారుతుంది. బయాలజీలో ఆఖరి స్థానం ల్యాబ్ పెద్దది, అది తక్కువ స్థానం కాదు. మ్యాథ్స్‌లో చాలావరకు అక్షరక్రమమే. మీ రంగంలో ఆనవాయితీ ఏంటో తెలీకుండా గొడవకి దిగకండి.

ఎవరేం చేశారో రాయడానికి క్రెడిట్ (CRediT) అనే పద్ధతి ఉంది, అందులో 14 పాత్రలు: ఐడియా, పద్ధతి, సాఫ్ట్‌వేర్, డేటా సేకరణ, మొదటి డ్రాఫ్ట్, పర్యవేక్షణ, నిధులు, ఇలా. పెద్ద పబ్లిషర్ల జర్నల్స్ చాలావాటిలో ఇది అడుగుతారు. దీన్ని చివర్లో కాకుండా పని మొదట్లోనే నింపి చూడండి. ఫలానా సార్ పేరు ఎదురుగా 14 గడులూ ఖాళీగా కనిపిస్తే, మీరు నోరు విప్పకుండానే సగం మాట అయిపోతుంది.

గైడ్ పేరు వెనక స్కాలర్ పేరు మరుగున పడటం మనకి తెలీని కథేం కాదు. బయోకెమిస్ట్రీ పిల్లలు ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ లెక్కకట్టే ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలోని సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ 1925లో ఆ పద్ధతి ప్రచురించాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని, ఫిస్కే వాటిని బయటికి రానివ్వకపోవడమే కారణమని అక్కడే పనిచేసిన నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాతి రోజుల్లో చెప్పారు. పేరు కొట్టేయడం కంటే పేపర్‌ని తొక్కిపెట్టడం ఎక్కువ నష్టం, దానికి సాక్ష్యం కూడా మిగలదు. మీ డ్రాఫ్ట్ గైడ్ టేబుల్ మీద ఎనిమిది నెలలుగా పడుంటే దాన్ని కూడా ఓనర్‌షిప్ సమస్యగానే చూడండి.

మాట ఎలా ఎత్తాలి

హక్కుల భాషలో మొదలుపెట్టకండి, పని భాషలో మొదలుపెట్టండి. మొదటి రిజల్ట్ వచ్చినరోజు మంచి రోజు, అందరూ సంతోషంగా ఉంటారు, ఇంకా పంచుకోవడానికి ఏమీ తయారై ఉండదు. అప్పుడు, "సార్, దీన్ని పేపర్ చేద్దామంటున్నారు కదా, ఎవరు ఏ సెక్షన్ రాయాలో, పేర్లు ఏ వరుసలో ఉంటాయో ఇప్పుడే అనుకుంటే నేను దాన్ని బట్టి ప్లాన్ చేసుకుంటాను" అనండి. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఒంటరిగా అడగడానికి టెన్షన్‌గా ఉంటే కో-గైడ్ ఉన్నప్పుడో, ఆర్‌ఏసీ (మీ పనిని సమీక్షించే రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ) మీటింగ్‌లో పేపర్ల ప్రస్తావన వచ్చినప్పుడో అడగండి, మినిట్స్‌లోకి ఎక్కుతుంది.

ఆ సాయంత్రమే మెయిల్ పెట్టాలి. అసలు పని ఇదే. దాదాపు ఇలా ఉంటే చాలు:

"సార్, ఈరోజు మాట్లాడుకున్నవి మరిచిపోకుండా రాసిపెడుతున్నాను. పేపర్ 1: డేటా, విశ్లేషణ, మొదటి డ్రాఫ్ట్ నావి. పద్ధతి, దిద్దుబాటు మీవి. ఫస్ట్ ఆథర్ నేను, కరస్పాండింగ్ మీరు. ఎవరి పని ఎక్కువ తక్కువ అయినా వరుస మళ్లీ మాట్లాడుకుందాం అన్నారు. కొత్తగా ఎవరినైనా కలపాలంటే ముందు ఇద్దరం అనుకుందాం అన్నారు. నేను ఏదైనా తప్పుగా రాసి ఉంటే దిద్దండి సార్."

చివరి వాక్యం ఉండాలి. అది మర్యాదా, కొంతవరకు రక్షణా. ఆయన జవాబివ్వకపోయినా, ఆ రోజు అలా అనుకున్నామని, అభ్యంతరం రాలేదని మీ దగ్గర తేదీతో సహా ఉంటుంది. వాట్సాప్‌లో పెట్టొద్దు, ఫోన్ మారితే పోతుంది, డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కూడా ఉంది కదా.

మిగతా రికార్డు పెద్ద కష్టం కాదు: డ్రాఫ్టులని తేదీలతో సేవ్ చేయండి, కోడ్ గిట్‌హబ్‌లో ప్రైవేటుగా పెట్టండి, ఓవర్‌లీఫ్‌లో (ఆన్‌లైన్‌లో పేపర్ రాసే సైట్) రాస్తుంటే ఖాతా మీ సొంత మెయిల్‌తో ఉండాలి. నోట్‌బుక్‌లో పేజీలు చించొద్దు.

పేటెంట్ అంటే ఇంకాస్త జాగ్రత్త

కాలేజీల్లో ఈమధ్య ఇది పిచ్చిలా తయారైంది. ర్యాంకింగ్ కోసం, అక్రిడిటేషన్ కోసం పేటెంట్లు కావాలి కాబట్టి విద్యార్థి ప్రాజెక్టుని తీసుకుని ప్రిన్సిపల్, హెచ్‌ఓడీ, ఇద్దరు ప్రొఫెసర్లు, ఆఖర్న ఆ విద్యార్థి, లేదా విద్యార్థి లేకుండానే అప్లికేషన్ వేసేస్తారు. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 6 ప్రకారం అప్లికేషన్ వేయాల్సింది అసలు కనిపెట్టినవాళ్లు, లేదా వాళ్లు హక్కు రాసిచ్చినవాళ్లు. కనిపెట్టనివాళ్లని ఇన్వెంటర్లుగా చూపించడం మర్యాద కోసం చేసే పని కాదు, తప్పుడు డిక్లరేషన్.

పేటెంట్ అప్లికేషన్ (ఫారం 1) మీ ముందు పెట్టి సంతకం చేయమంటే ఇన్వెంటర్ల గడి, అప్లికెంట్ గడి వేర్వేరుగా చూడండి. అప్లికెంట్‌గా కాలేజీ ఉండొచ్చు, అది ఓనర్. ఇన్వెంటర్‌గా మీ పేరు ఉండాల్సిందే. హక్కు కాలేజీకి రాసిచ్చే అసైన్‌మెంట్ కాగితంలో లైసెన్స్ డబ్బు వస్తే మీ వాటా ఎంతో అడగండి, చాలా సంస్థల పాలసీలో ఆ శాతం రాసే ఉంటుంది. మీ పేరు వదిలేసి వేశారని తెలిస్తే సెక్షన్ 28 కింద చేర్చమని అడగొచ్చు, అయితే పేటెంట్ గ్రాంట్ కాకముందే అడగాలి. గ్రాంట్‌కి ముందే అభ్యంతరం చెప్పడానికి సెక్షన్ 25 ఉంది, మీ దగ్గర్నుంచి అన్యాయంగా తీసుకున్నారన్నది అందులో మొదటి కారణం.

"పేటెంట్ పబ్లిష్ అయింది" అని ఫ్లెక్సీ కడితే అది పేటెంట్ వచ్చినట్టు కాదు. వేసిన ప్రతి అప్లికేషనూ మామూలుగా 18 నెలలకి పబ్లిష్ అవుతుంది, ఫీజు కట్టి అడిగితే ఇంకా ముందే. గ్రాంట్ వేరే సంగతి. ఇంకోటి, పేపర్ ముందు బయటికొస్తే పేటెంట్ అవకాశం చాలావరకు పోయినట్టే, అందుకే నిజంగా పనికొచ్చే ఆవిష్కరణ అయితే ముందు అప్లికేషన్, తర్వాత పేపర్. థీసిస్‌లు అందరూ చదివేలా పెట్టే శోధ్‌గంగ సైట్‌లో మీది పెట్టేముందు కూడా ఈ సంగతి యూనివర్సిటీతో మాట్లాడండి.

గైడ్‌లకి

మీ స్కాలర్ "సరే సార్" అంటే ఒప్పుకున్నట్టు కాదు. వేరే జవాబు చెప్పే వీలు లేదు కాబట్టి అన్నాడు. అడిగే పద్ధతి మార్చండి: "ఫలానా వాళ్ల పేరు పెడదామా" అని కాకుండా "ఈ పేపర్‌లో ఎవరెవరు ఉండాలో, ఎందుకో నువ్వు రాసి తీసుకురా, నేనూ రాస్తాను, రేపు పక్కపక్కన పెట్టి చూద్దాం" అనండి. తేడా ఎక్కడుందో కాగితమే చెప్తుంది.

మీ క్లాసు పిల్లలమీదే సర్వే చేస్తుంటే వాళ్ల మార్కులు ఇచ్చేది మీరే అన్న సంగతి మరిచిపోవద్దు, ఫారాలు వేరే ఎవరిచేతన్నా ఇప్పించండి, ఎవరు నింపారో గ్రేడ్లు పడేదాకా మీరు చూడకండి. పిల్లవాడు పాసై ఉద్యోగానికి వెళ్లిపోయాక అతని ఎంటెక్ డేటాతో పేపర్ వేస్తున్నారా, ఒక్క ఫోన్ చేయండి. ఆఖరి రూపానికి అతను ఒప్పుకోకుండా పేరు పెట్టడం తప్పు, పేరు తీసేయడం ఇంకా తప్పు. ఎన్నాళ్లలో జవాబివ్వకపోతే ఎలా చేయాలో అతను వెళ్లేముందే అనుకుని ఉండాల్సింది, అదీ మెయిల్‌లో. ఇక బ్యాంకు పనులు, పిల్లల స్కూల్ బస్సు, మీ సొంత పుస్తకానికి టైపింగ్, వీటిని "ట్రైనింగ్" అనకండి.

అప్పటికే చెయ్యి దాటిపోతే

ముందు ఒక మెయిల్, కోపం లేకుండా, పాత మెయిల్‌కే రిప్లైగా. అది పనిచేయకపోతే కో-గైడ్ లేదా ఆర్‌ఏసీ సభ్యుల్లో ఒకరు, తర్వాత హెచ్‌ఓడీ. మీ చాప్టర్‌ని ఎవరో తన పుస్తకంలో పెట్టుకుంటే యూజీసీ 2018 ప్లేజరిజం రెగ్యులేషన్ల కింద డిపార్ట్‌మెంట్ స్థాయిలో, సంస్థ స్థాయిలో ప్యానెళ్లు ఉండాలి, వాటికి రాయండి. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ పోలిక 10 శాతం లోపే చూపించిందని ఎవరన్నా అంటే పట్టించుకోకండి, ఆ సాఫ్ట్‌వేర్ పదాల్ని పోలుస్తుంది, ఎవరి పని ఎవరు తీసుకున్నారో దానికి తెలీదు. ఫెలోషిప్ ఆపడం, సంతకం పెట్టకపోవడం లాంటివైతే 2023 గ్రీవెన్స్ రెగ్యులేషన్ల కింద విద్యార్థుల కమిటీ 15 పనిదినాల్లో రిపోర్ట్ ఇవ్వాలి, దానితో తృప్తి లేకపోతే అప్పీలు వినే ఆంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్లొచ్చు.

జర్నల్‌కి రాయడం గురించి: పేపర్ ఇంకా రివ్యూలో ఉంటే "ఈ ఆథర్ల జాబితాకి నా ఒప్పుదల లేదు" అని ఒక్క మెయిల్‌తో ఎడిటర్ మామూలుగా ఆపేస్తారు. అచ్చయ్యాక అంత తేలిక కాదు, పేర్లు మార్చాలంటే మామూలుగా ఆథర్లందరి సంతకం అడుగుతారు, గొడవ ఉంటే ఎడిటర్ తీర్పు చెప్పరు, మీ సంస్థనే విచారించమంటారు, మళ్లీ బంతి మీ యూనివర్సిటీకే వస్తుంది. అందుకే ఫిర్యాదు ఎప్పుడు పెట్టాలో మీ పరిస్థితి చూసి నిర్ణయించుకోండి. వైవాకి రెండు నెలలుంటే ఇప్పుడే పోరాడు అని నేను చెప్పను, అలా చెప్పేవాళ్లు మీ ఫెలోషిప్ కట్టరు. కాగితాలన్నీ తేదీలవారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్ కాపీ యూనివర్సిటీ మెయిల్‌లో కాకుండా మీ సొంత ఖాతాలో ఉంచండి, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికొచ్చాక ప్యానెల్‌కి రాయొచ్చు. పేటెంట్ మాత్రం అలా ఆగదు, గ్రాంట్ తేదీ మీ వైవా కోసం ఎదురుచూడదు కాబట్టి ఆ ఒక్కదానికి వెంటనే లాయర్‌ని గానీ పేటెంట్ ఏజెంట్‌ని గానీ కలవండి.